ఫొటో మీద రెట్ట

పావురం రెట్ట సరిగ్గా నంజుండప్ప ఫొటో మీద పడింది.

అప్పటిదాకా కేజీఎఫ్ బంగారు గనుల పావురాలను ఆయన ఓర్చుకున్నాడు. అవి వాకిట్లో ఆరబోసిన రాగులు తిన్నాయి. నీళ్ల డ్రమ్ములో ఈకలు రాల్చాయి. ఆ రాగులు ఆరబోసింది, ఆ డ్రమ్ము నింపింది ఆయన భార్య చెన్నమ్మ. ఫొటో మాత్రం ఆయనది.

పన్నెండేళ్ల కిందట, గని కంపెనీ సర్కారుదైన రోజు తీసిన ఫొటో. అప్పుడాయన యూనియన్ లీడరు. మెడలో దండ, మొహం నిండా నవ్వు. వెంటిలేటర్లోంచి దూరిన పావురం ఆ రెండింటినీ వదిలేసి, పైకెత్తిన చేతుల దగ్గర అద్దాన్ని పూర్తిగా కప్పేసింది.

"తుడిచేదా?" అంది చెన్నమ్మ.

"తుడవద్దు! అది సాక్ష్యం. ఆఫీసరు కండ్లారా చూడాల."

నంజుండప్ప అర్జీ రాశాడు. గని కార్మికుల ఇళ్ల లైన్లోకి పావురాలను తెచ్చి వదిలినవాణ్ని కనిపెట్టి, క్వార్టరు ఖాళీ చేయించాలని. కనిపెట్టే పని కూడా ఆఫీసుకు మిగల్చలేదు. చివరింటి మునిశామప్ప పేరు రాసేశాడు. కోళ్లు పెంచేవాడు పావురాలు పెంచడా?

"మేము కొట్లాడేటప్పుడు ఈడ పిచ్చుకలు తప్ప పావురమనేదే లేదు. పన్నెండేండ్లలో యాడ చూసినా ఇవే. ఎవడో ఒకడు వదిలినాడు కదప్పా?" అని మునిశామప్పను నిలదీశాడు.

"నేనీ లైనుకొచ్చి ఆరేండ్లే అయిందన్నా," మునిశామప్ప చేతులు జోడించాడు. "నలుగురు బిడ్డలుండారు. క్వార్టరు పోతే ఇంగ యాడికి పోవాల?"

"వదిలేటప్పుడు ఆలోచించాల్సింది."

లైనంతా సంతకాలు పెట్టింది. లీడరు కాగితం చాపితే చదవకుండా సంతకం పెట్టడం వాళ్లకు ఉద్యమం నాటి అలవాటు.

సోమవారం క్వార్టర్ల ఆఫీసరు విచారణకు వచ్చి, నంజుండప్ప ఇంట్లోనే కూర్చున్నాడు. గుమ్మం దగ్గర మునిశామప్ప, అతని వెనక లైనంతా.

"పావురాలు వదిలారంటున్నారు. ఆధారం ఏమైనా ఉందా?"

నంజుండప్ప ఫొటో మీది రెట్ట వైపు వేలు చూపించాడు.

"ఉండాది సార్," అంది వంటింట్లోంచి చెన్నమ్మ.

నంజుండప్ప మీసం సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆయనకు వత్తాసు పలకడం అదే మొదలు.

చెన్నమ్మ గోడ మీది ఫొటో దించింది. తడిగుడ్డతో అద్దాన్ని నిదానంగా, మూలమూలలా తుడిచి ఆఫీసరు చేతికిచ్చింది.

మెడలో దండ, మొహం నిండా నవ్వు, పైకెత్తిన నంజుండప్ప రెండు చేతుల్లోంచి అప్పుడే రెక్కలు విప్పుతున్న పావురాల జంట.