అడుగున ఏడు డిగ్రీలు

"అది విప్పెయ్ బావా. విప్పితే గానీ నిన్ను నిచ్చెన దిగనివ్వను."

బావ వినలేదు. మూతి ముడుచుకుని, నీళ్లలో మునిగేవాళ్లు వేసుకునే వెట్ సూట్‌ను పిక్కల మీదికి లాక్కుంటూనే ఉన్నాడు. ఆ బిగుతు రబ్బరు మోకాళ్ల దాకా వచ్చేసరికే మనిషికి చెమటలు కారిపోతున్నాయి.

"తువ్వాలుందా? పొద్దున్న ఇల్లంతా వెతికాను, నా ఆకుపచ్చ తువ్వాలు కనబడి చావలేదు."

"మాట మార్చకు."

ఎదురుగా ఊరందరికీ నీళ్లిచ్చే జలాశయం. అడుగున నీళ్లు లాగే గొట్టం జల్లెడకు నాచు పట్టి మూసుకుపోయింది. ఊళ్లో కుళాయిలు పొద్దున్నుంచీ ఎండిపోయి ఉన్నాయి. ఇంజినీరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. దిగి ఆ నాచు గీకాల్సింది బావ. ఒడ్డున తాడు పట్టుకుని మంచిచెడ్డలు చూడాల్సింది బావమరిది. వయసులో చిన్నవాడైనా ఒడ్డున అతని మాటే చెల్లాలి. చెల్లితే కదా!

"థర్మామీటర్ నువ్వే చూశావు కదరా. ఇరవై ఒకటి. ఇరవై ఒకటికి వెట్ సూట్ చాలదూ?"

"అది పైన. నువ్వేమన్నా సరదాకి ఈత కొట్టడానికి వచ్చావా? అడుగు దాకా దించి చూశాను. ఏడు! వెట్ సూట్‌లోకి నీళ్లు దూరతాయి. పైనైతే ఒంటి వేడికి అవే వెచ్చబడతాయి. ఏడు డిగ్రీల్లో గంట పైన ఉంటే వేళ్లు కొయ్యబారిపోతాయి. పైకి లాగమని తాడు కదపడానికి కూడా చెయ్యాడదు. అప్పుడు అక్కకి నేనేం చెప్పుకోను?"

బండిలో డ్రై సూట్ వేలాడుతోంది. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీలు, లోపల వేసుకోవడానికి ఉన్ని బట్టలు. చుక్క నీరు లోపలికి పోదు.

"ఆ గోనెసంచిలో నాకు ఊపిరాడదు," అన్నాడు బావ.

"నిరుడంతా ఆడిందిగా?"

"చేతులు తిరగవు."

"నిరుడు తిరిగాయిగా?"

"ఉండు, టైర్లో గాలి చూసొస్తా," అని బావ మోకాళ్ల దగ్గర ఇరుక్కున్న సూట్‌తోనే బాతులా నడుచుకుంటూ బండి వెనక్కి పోయాడు. టైర్లు చూడడం అప్పటికి మూడోసారి.

బావమరిదికి అనుమానం వచ్చింది. ఈయన డ్రై సూట్ ఎక్కడో చించి దాస్తున్నాడేమో! కుట్లన్నీ వెతికాడు. మెడ పట్టీ సాగదీసి చూశాడు. సూదిమొన మోపేంత చిరుగు లేదు.

"సూట్ బాగానే ఉంది. మనిషే బాగాలేడు," అని తిరిగొచ్చిన బావ మీద విరుచుకుపడ్డాడు. "కంపెనీ నీకిమ్మన్న సంచి ఇచ్చి ఎంతసేపైంది? కనీసం అదన్నా విప్పి చూశావా?"

"గ్లౌజులో టోపీలో ఇచ్చుంటారు. బండిలో ఓ మూల పడెయ్."

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి బావమరిదికి ఒళ్లు మండిపోయింది. "సరే, నీ ఇష్టం. ఆఫీసుకి చెప్పి వేరే మనిషిని పిలిపిస్తున్నా."

బావ గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దురా. వేరేవాడు ఒక్కసారి దిగాడంటే ముసలాడయ్యాడని నన్నిక ఒడ్డునే కూర్చోబెడతారు. నీళ్లలోకి దిగకపోతే నేనెందుకు పనికొస్తాను?"

"అయితే నిజం చెప్పు."

బావ చుట్టూ చూశాడు. రెండు కొంగలు తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు.

"ఆగట్లేదురా."

"ఏంటి?"

"ఏంటంటావేంట్రా! ఆ చన్నీళ్లలో అరగంట ఆపుకోలేకపోతున్నాను. వెట్ సూట్‌లో అయితే నీళ్లలో నీళ్లు. కడిగేస్తే పోతుంది. డ్రై సూట్‌లో ఎక్కడికి పోతుంది? పైకొచ్చాక నీ ముందే జిప్పు తీయాలి. దానికంటే గడ్డకట్టి చావడం నయం."

బావమరిదికి వచ్చిన నవ్వు ఆయన మొహం చూసి గొంతులోనే ఆగిపోయింది. జాలేసింది.

"అక్కకి తెలుసా?"

"పిచ్చా నీకు? తెలిస్తే మీ అక్క ముందు తలెత్తుకోగలనా? ఇంట్లో ఈగకి కూడా తెలియనివ్వలేదు. నువ్వూ నోరు జారకు."

బావమరిదికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, బండిలో మూలనున్న సంచి తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "ఇందులో ఏమన్నా పనికొచ్చేది ఉందేమో, చూడు."

బావ విసుగ్గా అది పట్టుకుని బండి వెనక్కి పోయాడు. సంచి విప్పిన చప్పుడైంది.

"ఒరేయ్! ఇవి పెద్దవాళ్లు వేసుకునే డైపర్లురా!" అని కేక వినిపించింది. "కంపెనీ అందరికీ ఇస్తోందా? నా ఒక్కడికేనా?"

"అ... అందరికీ బావా. అందరికీ ఇచ్చారు."

"అలా చెప్పు! అందరికీ ఉన్నదే అన్నమాట."

ఆ తర్వాత పని చకచకా సాగింది. ఉన్ని బట్టలు, వాటి మీద డ్రై సూట్. భుజాల వెనక జిప్పు బావమరిదే లాగాడు. మెడ పట్టీ సర్దాడు, నడుముకి తాడు కట్టి రెండుసార్లు గుంజి చూశాడు. ఇంజినీరుకి ఫోన్ చేసి, సాయంత్రానికి కుళాయిలు వస్తాయన్నాడు.

బావ నిచ్చెన దాకా నడిచి, ఆగి, చంకలో ఉన్నదేదో తీసి బావమరిది భుజం మీదికి విసిరాడు.

"దీన్ని జాగ్రత్తగా పెట్టు. పొద్దున్న నేను ఇల్లంతా వెతికిన ఆకుపచ్చ తువ్వాలు ఇదే. కంపెనీ ఆ డైపర్లని ఇందులోనే చుట్టి పంపింది."