వెనక నుంచి అమృత

హెడ్ కానిస్టేబుల్ బిక్షపతికి కంపోజిషన్‌లో ఓనమాలు కూడా తెలియవని మొదటి ఫోటోకే అర్థమైంది.

"మొఖం కనవడేది సూపియ్యున్రి సార్. మిస్సింగ్ కేసుకు గదే గావాలె."

నాచారం చెరువు మీద సూర్యోదయం, దానికి ఎదురుగా నల్లటి నీడలా, నిన్నటి నుంచి కనబడని నా భార్య అమృత. ఉప్పల్ స్కైవాక్ మీద అమృత వీపు. మా ఫోటో క్లబ్బులో మొదటి బహుమతి కొట్టిన అమృత గాజుల చేతులు. ఒక్కొక్కటీ చూపించాను.

పెళ్లయిన కొత్తలో నేనూ అందరిలాగే ఆమెను మధ్యలో నిలబెట్టి, నవ్వమని తీసేవాణ్ణి. ముఖం కనబడితే ఫోటో చచ్చిపోతుందని తెలుసుకోవడానికి ఏళ్లు పట్టింది. అదంతా ఇతనికేం ఎక్కుతుంది?

"అన్నీ ఎనక నుంచే దీసిన్రేంది సార్? గివి వట్టుకొని ఏడ దేవులాడాలె?"

మంచి ఫోటో అంటే ఏమిటో ఒక్కటైనా చూసి చావనీ అని, నిన్న పొద్దున బాల్కనీలోంచి తీసింది తెరిచాను. వంపు తిరిగిన ఖాళీ రోడ్డు. ఫ్రేము చివర ఎవరో ఆడమనిషి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతోంది. ఆమె చేతిలోని ఎర్ర సూట్‌కేసు సరిగ్గా పడాల్సిన చోట పడింది.

బిక్షపతి ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"మీ ఇంట్ల ఎర్ర సూట్‌కేసు ఉన్నదా సార్?"