అమ్మ ముఖం మీద ముద్ర

ఫోన్‌లో చూపిస్తానంటే పిన్ని ససేమిరా అంది. పోయిన మా అమ్మ వీడియో తనకు డీవీడీగానే కావాలట.

పొద్దుటి నుంచి పిన్ని ఇంట్లో ఉచిత సాఫ్ట్‌వేర్లతో కుస్తీ పడుతున్నాను. ఒకటి బొమ్మనిచ్చి మాట మింగేసింది. ఇంకోదాంతో చేసిన డిస్కును పాత ప్లేయర్ నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. కాలుగాలిన పిల్లిలా కంప్యూటర్‌కీ ప్లేయర్‌కీ మధ్య తిరుగుతున్నాను.

“అయిందా?” మళ్లీ పిన్ని.

“కాసేపు నన్ను కూర్చోనివ్వు పిన్నీ.”

చివరికి ఒకటి దారికొచ్చింది. అయితే ఊరికే వచ్చింది కదా, తన పేరును ఎర్రటి అక్షరాల్లో సరిగ్గా అమ్మ ముఖం మీదే గుద్దింది. కళ్లూ ముక్కూ ఏవీ కనబడవు. మాట మాత్రం స్పష్టంగా ఉంది. ఇంకోటి వెతికే ఓపిక లేదు. తిట్లకు సిద్ధపడే డిస్కు ప్లేయర్‌లో పెట్టాను.

పిన్ని ప్లేయర్‌ను వేళ్లతో తడిమి, ఉబ్బెత్తుగా ఉన్న మీట నొక్కింది. టీవీలోంచి అమ్మ గొంతు, “ఏమే, తిన్నావా?”

పిన్ని రెప్ప వేయకుండా టీవీకేసే చూస్తోంది. నేను సంజాయిషీకి నోరు తెరిచాను.

“అక్క ముఖం ఎంత కళగా ఉందిరా,” అంది.

“అవును పిన్నీ,” అన్నాను.

జేబులో ఫోన్ చేతికి తగిలింది. అద్దమంతా నున్నగా ఉంది. పిన్ని వేలికి ఆనే మీట ఒక్కటీ లేదు.