పిల్లలకోడి

ప్రకటనల దీపాలు ఆకాశాన్ని కప్పేశాక చుక్కలు కంప్యూటర్లోనే మిగిలాయి. వాటిని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి మస్తాను, కేశవ మాస్టారు జీతం బత్తెం లేకుండా తెలుగు గైడు రాస్తున్నారు.

ఆ సాయంత్రం మేడమీద, ఒక చుక్కల గుంపుకి మస్తాను పెట్టిన 'పిల్లలకోడి' పేరు కొట్టేసి, మాస్టారు 'కృత్తికలు' అని దిద్దాడు.

"మా అమ్మ చెప్పిన పేరు కొట్టేస్తారా? నేనూ కొడతా!" మస్తాను స్టూలెత్తి మొహాన బాదాడు. మాస్టారి పన్ను ఊడింది. ఆయన మస్తాను తలని పిట్టగోడకేసి కొట్టాడు. నెత్తురు కళ్లలోకి కారుతుంటే మస్తాను ఆయన గొంతు పిసికాడు.

ఏం చెడిందో, ప్రకటనలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ అసలు చుక్కల్ని చూడటం అదే మొదలు. మస్తాను పట్టు వదిలేశాడు.

"ఏదిరా నీ పిల్లలకోడి?" మాస్టారు నెత్తురు ఉమ్మాడు.

"ఏమో. మీ కృత్తికలేవి?"

మాస్టారు వేలెత్తాడు. ఆ వేలు ఆకాశమంతా తిరిగింది, ఎక్కడా ఆగలేదు.