బుర్రుమనే తల్లి

మనుషులు మడిలో కాలు పెట్టడం మానేసి, కలుపు కూడా యంత్రాలే తీసే రోజులవి. వెచ్చగా ఉంటుందని గవిరయ్య కంపెనీ నుంచి అద్దెకు తెచ్చిన కలుపు యంత్రం పక్కనే బాతుగుడ్లు పొదిగించాడు. కళ్ళు తెరిచిన పిల్లలు దాన్నే అమ్మనుకుని, అది బుర్రుమంటూ కదిలితే దాని వెనకాలే వరిమడిలో దిగాయి. పురుగుల్ని తిన్నాయి, రెట్ట వేశాయి. అది తిని గట్టు పక్క గుంటలో చేపలూ బలిశాయి.

గడువు తీరి, కంపెనీవాళ్ళు వచ్చి యంత్రాన్ని బండెక్కించారు. బాతులన్నీ బండి వెంట పడ్డాయి.

“అవి పోతే మళ్ళీ పురుగుమందు కొనాల! పిలు మావా!” అని అరిచింది పెళ్ళాం బంగారమ్మ.

“బా బా” అన్నాడు. వినలేదు. సిగ్గు విడిచి “బుర్ర్ర్...” అన్నాడు. అన్నీ గిరుక్కున తిరిగాయి.

ఇప్పుడు రోజూ గవిరయ్య బుర్రుమంటూ మడంతా తిరుగుతున్నాడు.

“వరి, బాతులు, చేపలు... ఇవన్నీ ఒక్కచోట ఎందుకు నెత్తికెత్తుకున్నావు బావా?” అని గట్టు మీంచి అడిగాడు పక్క మడి సూరప్పడు.

“పిల్లల తల్లినిరా. తప్పుతాదేటి?”