తోకల సభ

ఆ కుంటలో ఒకటే చట్టం. తోక ఊడనివాళ్ళు సభలో నోరెత్తకూడదు. సభ అంటే తామరాకుల మీద కూర్చున్న పెద్దకప్పలు. తోకకప్పలన్నీ అడుగున, బురదలో ఉండేవి.

ఒకరోజు పీత ఒకటి గట్టుకి బొక్క పెట్టింది. నీళ్ళు సన్నగా జారిపోతున్న సంగతి అడుగున ఉన్నవాళ్ళకే కనిపించింది. మిణుకు అనే తోకకప్ప పైకి ఈదుకొచ్చింది.

"తాతా, కుంట ఎండిపోతోంది!"

"ఏదీ, వెనక్కి తిరుగు," అన్నాడు సభాపతి బొండుకప్ప. తిరిగింది. "తోక ఉందిగా. ఊడాక రా."

"అప్పటికి నీళ్ళుండవు!"

"లేకపోతే పక్క కుంటలోకి గెంతుతాం."

"మరి కాళ్ళు లేని మేము?"

"కాళ్ళు రాకపోవడం మీ తప్పే కదమ్మా," అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

మిణుకు అడుగుకి దూసుకెళ్ళింది. "నోరెత్తకూడదన్నారు. తోకెత్తకూడదని చట్టంలో లేదు. ఊపండర్రా, ఒక్క తోకా ఆగొద్దు!"

వెయ్యి తోకలు బురదను చితక్కొట్టాయి. కుంట ఉడుకుతున్న అంబలిలా కుతకుతలాడింది. తామరాకులు తిరగబడి సభంతా నీళ్ళలో పడింది. లేచిన బురద నీటితోపాటు బొక్కలోకి జారి, దాన్ని చాలావరకు పూడ్చేసింది.

నెత్తిన నాచుతో తేలిన సభాపతి, నీళ్ళు నిలబడడం చూసి గొంతు సవరించుకున్నాడు. "సరే, తోక ఊడగానే నీకూ సభలో ఒక ఆకు ఇస్తాం."

"ఊడేలోపు దీంతో చాలా పనుంది తాతా," అంది మిణుకు. "బొక్క ఇంకా కొంచెం మిగిలింది, మళ్ళీ బురద లేపాలి. నువ్వు కొంచెం పక్కకి జరుగు."