నేర్పిన మాట

జైల్లో దేవదాస్ గుండె ఆగి చనిపోయాడని ఫోను వచ్చిన రోజున, పోశవ్వ బీడీలు చుడుతున్న చేటను పక్కన పెట్టి ఏడ్చింది. పదకొండేళ్లలో అల్లుడి కోసం ఆమె ఏడవడం అదే మొదటిసారి.

ఇరవై ఎనిమిదో రోజున మనవరాలు రేవతిని వెంటబెట్టుకొని సిరిసిల్ల నుంచి కరీంనగర్ వచ్చింది. దేవదాస్ కేసు వాదించిన వకీలు విజయేందర్ కోర్టు పక్కనున్న తన గదిలో ఆమెను చూడగానే గుర్తుపట్టాడు.

“గీ కోర్టు మెట్ల మీదనే నా కోటు వట్టి గుంజినవు. యాదికున్నదా అమ్మా?”

“ఉన్నది. గుండీ గూడ తెగింది.”

“కుట్టిచ్చుకున్న తియ్యి. ఇయ్యాల ఏం తెంపనీకె వచ్చినవు?”

పోశవ్వ నవ్వలేదు. “అల్లుని అప్పీలు ఆగొద్దు సారూ. సంతకం ఏడ వెట్టాల్నో చెప్పు. ఏలిముద్రయినా సరే.”

“నీది చెల్లదమ్మా. అప్పీలు వేసినోడు పోతే అప్పీలు గూడ ఆనితోనే పోతది. ముప్పై రోజులల్ల దగ్గరి మనిషి దరఖాస్తు వెట్టుకుంటెనే నడుస్తది. అత్తకు ఆ హక్కు లేదు.”

“మరెవలకున్నది?”

“తల్లిదండ్రులకు, తోడవుట్టినోళ్లకు, పిల్లలకు. భార్యకు...” విజయేందర్ మాట మధ్యలో ఆపి తల దించుకున్నాడు. దేవదాస్‌కు యావజ్జీవం పడింది భార్య మహేశ్వరిని చంపినందుకే. మహేశ్వరి పోశవ్వ కూతురు.

“తల్లి లేదు, తండ్రి లేడు. తోడవుట్టినోళ్లు గూడ లేరు,” అంది పోశవ్వ మెల్లగా.

ఇద్దరూ రేవతి వైపు చూశారు. ఆమెకు నిరుడే పద్దెనిమిది నిండాయి.

“కేసు నడిపిచ్చిందే నువ్వు గదమ్మా. ఇప్పుడెందుకు గీ ఫికరు?” అని అడిగాడు విజయేందర్.

పోశవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. “నేనే నేర్పిన సారూ. నా బిడ్డ మగ్గం కాడ తల పగిలి పడి ఉండె. కాలుజారి పడ్డదన్నడు అల్లుడు. నేను నమ్మలే. గీ పిల్లనేమో పండుకున్న, ఏం జూడలే అన్నది. ఎనిమిదేండ్ల పిల్ల. రోజు పొద్దుగాల తల దువ్వుకుంట చెప్పిచ్చిన. బాపు అమ్మ తలను మగ్గానికి కొట్టిండు, నేను జూసిన అని. కోర్టుల ఒక్క ముక్క తప్పకుంట చెప్పింది.” ఆమె గొంతు తగ్గింది. “నేనేం జెయ్యలే, నేనేం జెయ్యలే అనుకుంటనే పోయిండట అల్లుడు. రెండు పానాలు పోయినయి సారూ. ఒకటన్న నా మెడమీదికెల్లి దిగాలె.”

విజయేందర్ కేసు ఫైలు విప్పాడు. “నువ్వు చెప్పకున్నా కాగితాలల్ల కనవడుతనే ఉన్నది. హైకోర్టు సాక్షులను మళ్ల పిలువది. కింది కోర్టుల రాసింది సదువుతది. పోలీసోళ్లకు మొదటి దినం పండుకున్న అని చెప్పింది. ఏడాదికి కోర్టుల నిలవడి చూసిన అన్నది. మరమగ్గాల చప్పుడుల వాడకట్టుల ఇంకెవలకు ఏం ఇనరాలే. మొత్తం శిక్ష ఒక్క పాప మాట మీద నిలవడ్డది. అది నేర్పిన మాట అని జడ్జీలకు అనిపిస్తే శిక్ష కొట్టేస్తరు.”

దరఖాస్తు తీసి రేవతి ముందు పెట్టాడు.

“నేను ఏమని సంతకం పెడుతున్న సార్?” అని అడిగింది రేవతి.

“బాపు అప్పీలు నేను నడిపిస్త అని. అప్పీలుల రాసింది గిదే బిడ్డా. పాప ఏం చూడలే, పెద్దలు నేర్పింది చెప్పింది అని. గెలుస్తమని మాటియ్యలేను. కానీ గెలిచే అప్పీలే. మీ బాపు నేరం చెయ్యలేదని తీర్పుల రాస్తరు.”

గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చి కోర్టులో ఇంకో కేసు పిలిచారని చెప్పాడు. “సంతకం వెట్టి ఉంచు, పది నిమిషాలల్ల వస్త,” అంటూ విజయేందర్ కోటు తొడుక్కొని వెళ్లిపోయాడు.

రేవతి పెన్ను తీసుకుంది. కాగితం చివరి వరకూ చదివింది. మళ్లీ మొదటికి వచ్చింది.

“సదివింది సాలు, పెట్టు. కాలేజిల ఇంత సదివితే ఫస్టు వస్తుంటివి.”

రేవతి కదల్లేదు.

“బాపు మీద కోపమా?”

“లేదు.”

“నా మీదనా? తిట్టరాదే. పడుత.”

“లేదమ్మమ్మా.”

“మరేంది నీ పరేషాన్? నీతోని అబద్ధం చెప్పిచ్చింది నేను. పాపం నాది. నువ్వు పండుకొనే ఉంటివి. మొదటి దినం నా ఒళ్లె గూసొని గదే చెప్తివి గదా.”

“చెప్పిన.”

“ఆ మాట మీదనే సంతకం వెట్టు. ఉన్న మాటనే గద.”

రేవతి పెన్ను మూత పెట్టింది. “నువ్వు తల దువ్వుకుంట చెప్పిచ్చేటప్పుడు, నీకు ఎర్కనే అనుకున్న అమ్మమ్మా.”

“ఏం ఎర్క?”

“నేను చూసిన సంగతి.”

పోశవ్వ రేవతి భుజం పట్టుకొని తన వైపు తిప్పుకుంది.

“నువ్వు నేర్పింది జరిగిందే,” అంది రేవతి. “పండుకున్న అని చెప్పుమని నేర్పింది బాపు.”

విజయేందర్ తిరిగి వచ్చేసరికి ఇద్దరూ అక్కడే కూర్చొని ఉన్నారు. గడువు ఇంకా రెండు రోజులుంది. సంతకం పడలేదు.